నేల క్రింది నదికి కట్టుబాట్లు

నగరంలో నివసించే ప్రతి మనిషి రోజుకు పది పదిహేను పర్యాయాలు నీటిని వాడి విడిచిపెడతాడు. స్నానం చేసిన నీరు, పాత్రలు తోమిన నీరు, బట్టలు ఉతికిన నీరు, మరుగుదొడ్డిలో పోసిన నీరు అన్నీ గచ్చులోని ఒక చిన్న రంధ్రం గుండా క్షణంలో కనుమరుగవుతాయి. కనుమరుగైనది లేకుండా పోయిందని మనం భావిస్తాం. కాని ఆ నీటి ప్రయాణం అప్పుడే మొదలవుతుంది. ఇంటి గొట్టం నుండి వీధి గొట్టానికి, అక్కడి నుండి ప్రధాన కాలువకు, దాని నుండి శుద్ధి కేంద్రానికి, చివరకు నదికి అది చేరుకుంటుంది. మన పాదాల క్రింద పగలూ రాత్రీ ప్రవహించే ఈ మురుగునీటి వాహిని నేల పైని నది వంటిదే. నదికి గట్లు ఉన్నట్లే దీనికీ కట్టుబాట్లు ఉన్నాయి. ఇందులో ఏది విడువవచ్చు, ఏది విడువరాదు అని నిర్దేశించే నియమాలే ఆ కట్టుబాట్లు. అవి ఎందుకు పుట్టాయి, వాటిని మీరితే ఎవరికి ఏ హాని కలుగుతుంది అనే విషయాలను తెలుసుకోవడం పౌరులుగా మనకు అవసరం.

చారిత్రక నేపథ్యం

మురుగునీటి పారుదల అత్యంత ప్రాచీనమైన నాగరిక విద్య. సింధు నాగరికతకు చెందిన మొహెంజొదారో నగరంలో నాలుగు వేల ఏళ్లకు పూర్వమే ఇటుకలతో కట్టిన, పైకప్పు గల కాలువలు వీధుల వెంట సాగాయి. ఇళ్లలోని స్నానపు గదుల నీరు వాటిలోకి చేరేది. అయితే తరువాతి యుగాల్లో ఎన్నో మహానగరాలు ఈ విద్యను విస్మరించి పెరిగాయి. పందొమ్మిదవ శతాబ్దపు లండన్ నగరం అందుకు ఉదాహరణ. 1854లో ఆ నగరంలోని బ్రాడ్ వీధి పరిసరాల్లో కలరా ప్రబలినప్పుడు, మలినమైన బావి నీటి ద్వారానే వ్యాధి వ్యాపిస్తోందని జాన్ స్నో అనే వైద్యుడు నిరూపించాడు. 1858 వేసవిలో థేమ్స్ నది నుండి వెలువడిన దుర్గంధానికి పార్లమెంటు సభ్యులే సభలో కూర్చోలేకపోయారు. ఆ దుర్గంధమే చివరకు వారిని కదిలించింది. జోసెఫ్ బజల్‌గెట్ అనే ఇంజనీరు పర్యవేక్షణలో నగరానికి విస్తారమైన భూగర్భ మురుగు కాలువల వ్యవస్థ ఏర్పడింది.

మన హైదరాబాదు కథలోనూ ఒక విపత్తే మలుపు తెచ్చింది. 1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరద వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను సలహాదారుగా రప్పించింది. ఆయన వరదల నివారణకు జలాశయాలను సూచించడంతో పాటు నగరానికి భూగర్భ మురుగునీటి పారుదల పథకాన్ని కూడా రూపొందించాడు. వరద నీటిని అదుపు చేయడం ఎంత ముఖ్యమో, వాడిన నీటిని సక్రమంగా సాగనంపడం అంతే ముఖ్యమని ఆయన గుర్తించాడు. స్వాతంత్ర్యానంతరం నగరం అనేక రెట్లు విస్తరించింది. 1989లో ప్రత్యేక చట్టం ద్వారా నీటి సరఫరాను, మురుగునీటి పారుదలను నిర్వహించడానికి హైదరాబాదు మహానగర జలమండలి ఏర్పడింది.

కాలువ పని చేసే తీరు

ఏది విడువరాదో తెలియాలంటే ముందుగా కాలువ ఏ విధంగా పని చేస్తుందో తెలియాలి. 'నీరు పల్లమెరుగు' అన్న సామెతే మురుగు కాలువ నిర్మాణానికి మూలసూత్రం. గొట్టాలను స్వల్పమైన వాలుతో పరుస్తారు. నీరు తన బరువుతో తానే ప్రవహిస్తుంది. భూమి ఎత్తుపల్లాలు అనుకూలించని చోట మాత్రమే పంపులతో ఎత్తిపోస్తారు. ప్రవాహవేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లకు తగ్గకుండా చూస్తారు. వేగం తగ్గితే ఇసుక, మలినాలు అడుగున పేరుకుంటాయి. గొట్టం పూర్తిగా నిండకుండా పైభాగంలో కొంత ఖాళీని ఉంచుతారు. గాలి కదలడానికి, వాయువులు వెలుపలికి పోవడానికి ఆ ఖాళీ ఆవశ్యకం. నిర్ణీత దూరంలోనూ, కాలువ మలుపు తిరిగే చోట్లనూ, కాలువలు కలిసే చోట్లనూ మ్యాన్‌హోళ్లు ఉంటాయి.

గృహాల నుండి వచ్చే మురుగునీటిలో సుమారు 99.9 శాతం నీరే. మిగిలిన అత్యల్ప భాగమే మలినం. ఆ మలినంలో అధికభాగం సూక్ష్మజీవులకు ఆహారం. శుద్ధి కేంద్రం ఈ సత్యం మీదనే ఆధారపడి ఉంది. 1914లో ఇంగ్లండులోని మాంచెస్టర్ నగరంలో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మురుగునీటిలోకి గాలిని పంపి, అందులోని సూక్ష్మజీవులను వృద్ధి చేసి, వాటి చేతనే మలినాన్ని తినిపించే పద్ధతిని ప్రకటించారు. నేటికీ ప్రపంచంలోని అనేక శుద్ధి కేంద్రాలు ఈ పద్ధతినో, దీని రూపాంతరాలనో అనుసరిస్తున్నాయి. అంటే శుద్ధి కేంద్రంలో అసలు పనివారు కంటికి కనిపించని కోటానుకోట్ల జీవులు. వాటికి గాలి కావాలి, తగిన వేడిమి కావాలి, విషం లేని ఆహారం కావాలి.

మురుగు కాలువలను గురించిన నిషేధాలన్నీ ఈ రెండు విషయాల నుండి పుట్టినవే. గొట్టం సక్రమంగా పారాలి, సూక్ష్మజీవులు బ్రతకాలి. ఈ రెంటితో పాటు గొట్టంలోకి దిగే మనిషి క్షేమాన్ని, చివరకు ఆ నీటిని స్వీకరించే నది క్షేమాన్ని కూడా చేర్చితే నియమాల అంతరార్థం సంపూర్ణమవుతుంది.

అడ్డుపడే పదార్థాలు

ప్రవాహానికి అడ్డుపడే పదార్థాలు మొదటి వర్గానికి చెందుతాయి. ప్లాస్టిక్ సంచులు, గుడ్డ పీలికలు, శానిటరీ ప్యాడ్లు, పిల్లల డయాపర్లు, తలవెంట్రుకలు, ఇసుక, బూడిద, సిమెంటు కలిసిన నీరు, పశువుల కొట్టాల నుండి కడిగి వదిలే పేడ ఈ కోవకు చెందినవి. ఇంటి నిర్మాణం జరిగే చోట కాంక్రీటు కలిపిన పాత్రలను కడిగి ఆ నీటిని కాలువలో పోయడం మనకు తరచుగా కనిపించే దృశ్యం. సిమెంటు నీటి అడుగున కూడా గట్టిపడుతుందని ఆ పని చేసేవారికి తెలియనిది కాదు. అయినా పోస్తారు. గొట్టంలో అది రాయిలా మారిన తరువాత దానిని తొలగించడానికి రోడ్డును త్రవ్వవలసి వస్తుంది.

నూనె, కొవ్వు పదార్థాలు మరొక రకమైన అడ్డంకి. వేడిగా ఉన్నప్పుడు అవి ద్రవరూపంలో సులభంగా జారిపోతాయి. గొట్టంలో చల్లబడగానే గడ్డకట్టి గోడలను పట్టుకుంటాయి. దానికి గుడ్డలు, కాగితాలు తోడై గుట్టలుగా పెరుగుతాయి. 2017లో లండన్ నగరంలోని వైట్‌చాపెల్ ప్రాంతంలో సుమారు 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు గల కొవ్వు గుట్ట ఒకటి మురుగు కాలువలో బయటపడింది. దానిని ముక్కలు చేసి తొలగించడానికి కార్మికులు వారాల తరబడి శ్రమించారు. ఒక్క ఇంటిలో వంట తరువాత మిగిలిన నూనె దోసెడే కావచ్చు. 'తిలా పాపం తలా పిడికెడు' అన్నట్లుగా లక్షల ఇళ్ల దోసెడు నూనె కలిసినప్పుడు కాలువ మూసుకుపోతుంది. ఈ కారణంగానే హోటళ్లు, భోజనశాలలు తమ మురుగునీటిని నేరుగా కాలువలోకి విడువక, జిడ్డును పట్టి ఆపే తొట్టె గుండా పంపాలి. నీటిపై తేలే జిడ్డు ఆ తొట్టెలోనే నిలిచిపోతుంది. దానిని ఎప్పటికప్పుడు తీసివేస్తూ ఉండాలి.

వాననీరు విషపదార్థం కాకపోయినా అది కూడా మురుగు కాలువకు నిషిద్ధమే. ఈ విషయం చాలామందికి వింతగా తోస్తుంది. వాననీటికి, మురుగునీటికి వేరువేరు కాలువలను ఏర్పరచిన పట్టణాల్లో మురుగు గొట్టాల పరిమాణాన్ని ఇళ్ల వాడకాన్ని బట్టి లెక్కిస్తారు. మేడపై పడిన వాననీటిని మురుగు గొట్టానికి కలిపినట్లయితే, కుంభవృష్టి కురిసినప్పుడు ఆ గొట్టం మోయలేనంత నీరు చేరుతుంది. అప్పుడు మ్యాన్‌హోళ్ల మూతలు ఎగిరి మురుగు వీధులపై పొంగుతుంది. పల్లపు ప్రాంతాల్లోని ఇళ్లలో మరుగుదొడ్ల గుండా వెనక్కు తన్నుతుంది. మెట్టన ఉన్న ఇంటివాడు చేసిన తప్పిదానికి పల్లంలోని బస్తీవాసి మురుగులో నిలబడవలసి వస్తుంది.

మండే పదార్థాలు

పెట్రోలు, కిరోసిన్, రంగుల్లో కలిపే టర్పెంటైన్, థిన్నర్ వంటి ద్రవాలు రెండవ వర్గానికి చెందుతాయి. ఇవి నీటిపై తేలుతూ ఆవిరిగా మారి గొట్టంలోని ఖాళీని ఆవరిస్తాయి. మూసి ఉన్న గొట్టంలో గాలితో కలిసిన ఆ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

1981 ఫిబ్రవరి 13న అమెరికాలోని లూయివిల్ నగరంలో ఒక సోయా నూనె కర్మాగారం నుండి హెక్సేన్ అనే ద్రావణి మురుగు కాలువలోకి చేరింది. తెల్లవారకముందే కాలువలు ప్రేలిపోయి, దాదాపు రెండు మైళ్ల మేర వీధులు ధ్వంసమయ్యాయి. వీధులు నిర్మానుష్యంగా ఉన్న వేళ కావడం వల్ల ప్రాణనష్టం తప్పింది. మెక్సికోలోని గ్వాదలహారా నగరానికి ఆ అదృష్టం లేకపోయింది. అక్కడ భూగర్భంలోని పెట్రోలు గొట్టం తుప్పుపట్టి, పెట్రోలు మురుగు కాలువలోకి కారింది. వాసన వస్తోందని ప్రజలు రోజుల తరబడి మొరపెట్టుకున్నా ఆ ప్రాంతాన్ని ఖాళీ చేయించలేదు. 1992 ఏప్రిల్ 22న వరుస ప్రేలుళ్లు సంభవించి కిలోమీటర్ల మేర వీధులు చీలిపోయాయి. రెండు వందల మందికి పైగా మరణించారు.

బ్రిటన్‌లో 1936 నాటి ప్రజారోగ్య చట్టం ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించింది. పెట్రోలుతో పాటు కాల్షియం కార్బైడును కూడా అది మురుగు కాలువల్లో నిషేధించింది. కాల్షియం కార్బైడు స్వయంగా మండే పదార్థం కాదు. కాని అది నీటిని తాకగానే ఎసిటిలీన్ వాయువు పుడుతుంది; ఆ వాయువు భగ్గున మండుతుంది. మన దేశంలో వెల్డింగు పనిలోనూ, కాయలను కృత్రిమంగా మాగవేయడానికి చట్టవిరుద్ధంగానూ వాడుతున్నది ఈ కార్బైడునే. అదే చట్టం 110 డిగ్రీల ఫారన్‌హీట్, అనగా సుమారు 43 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడి ద్రవాలను కూడా నిషేధించింది. మితిమీరిన వేడి గొట్టాల అతుకులను వదులు చేస్తుంది, దుర్వాయువులను అధికం చేస్తుంది, శుద్ధి కేంద్రంలోని సూక్ష్మజీవులను చంపుతుంది.

ఆమ్లాలు, విషవాయువులు

మూడవ వర్గం ఆమ్లాలు, క్షారాలు. ఒక ద్రవం ఆమ్లమో క్షారమో పీహెచ్ విలువ తెలుపుతుంది. శుద్ధమైన నీటి విలువ 7. అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. గాఢమైన ఆమ్లం కాంక్రీటు గొట్టాలను తినివేస్తుంది. అయితే దాని అసలు ప్రమాదం అంతటితో ఆగదు. తోళ్లను శుద్ధి చేసే కర్మాగారాల వ్యర్థజలాల్లో సల్ఫైడులు ఉంటాయి. లోహాలకు పూత పూసే కర్మాగారాల వ్యర్థజలాల్లో సైనైడులు ఉండవచ్చు. ఇవి కరిగి ఉన్నంతవరకు నీటిలోనే ఉంటాయి. వేరొక కర్మాగారం విడిచిన ఆమ్లం కాలువలో వీటిని కలిసిన క్షణంలో హైడ్రోజన్ సల్ఫైడు, హైడ్రోజన్ సైనైడు అనే ప్రాణాంతక వాయువులు విడుదలవుతాయి. ఎవరికి వారు తాము విడిచిన నీరు కొద్దిపాటిదేనని సమాధానపడవచ్చు. కాని కాలువ అందరిదీ కనుక అందరి వ్యర్థాలూ అక్కడ కలుస్తాయి. వీటిని విడివిడిగా నిషేధించడంలోని ఔచిత్యం ఇదే.

హైడ్రోజన్ సల్ఫైడు మురుగు కాలువలో సహజంగా కూడా పుడుతుంది. నీరు కదలక నిలిచిపోయి, ప్రాణవాయువు అందని స్థితిలో కొన్ని సూక్ష్మజీవులు దీనిని ఉత్పత్తి చేస్తాయి. అందువల్ల మొదటి వర్గంలో చెప్పుకొన్న అడ్డంకులకూ, ఈ విషవాయువుకూ సన్నిహిత సంబంధం ఉంది. కాలువ మూసుకుపోయిన చోటనే విషవాయువు ఎక్కువగా ఉంటుంది. మనిషి దిగవలసి వచ్చేది కూడా అక్కడికే. కుళ్లిన గుడ్డు వాసన గల ఈ వాయువు గాలి కంటే బరువైనది కనుక గుంతల్లో నిలిచి ఉంటుంది. స్వల్ప పరిమాణంలో ఉన్నప్పుడు వాసన తెలుస్తుంది. పది లక్షల భాగాల గాలిలో వంద భాగాల స్థాయికి చేరితే అది ఘ్రాణశక్తినే హరిస్తుంది. వాసన పోయిందని, ప్రమాదం తొలగిందని భావించి మనిషి లోపలికి దిగుతాడు. ఇంకా పెరిగి వెయ్యి భాగాల స్థాయి ఉన్న చోట ఒకటి రెండు శ్వాసలలోనే ప్రాణం పోవచ్చు.

సూక్ష్మజీవులను చంపే పదార్థాలు

నాలుగవ వర్గం అన్నింటికంటె దూరం ప్రయాణించే విషాలది. పాదరసం, సీసం, కాడ్మియం, క్రోమియం వంటి భారలోహాలు, క్రిమిసంహారక మందులు, ఫినాల్ సంబంధ రసాయనాలు, వాడక మిగిలిన ఔషధాలు ఇందులో చేరతాయి. ఇవి గొట్టాన్ని మూయవు, మంట పుట్టించవు, చూడడానికి నీటిలాగే ఉంటాయి. కాని శుద్ధి కేంద్రానికి చేరి అక్కడి సూక్ష్మజీవులను చంపుతాయి. ఒక్క పూట విడిచిన విషానికి నష్టపోయిన సూక్ష్మజీవుల సమూహం తిరిగి కోలుకోవడానికి రోజులు, వారాలు పట్టవచ్చు. అంతవరకు నగరపు మురుగంతా శుద్ధి కాకుండానే నదిలోకి పోతుంది.

భారలోహాలను సూక్ష్మజీవులు తిని నాశనం చేయలేవు. లోహం లోహంగానే మిగులుతుంది. అందులో కొంత శుద్ధి చేసిన నీటితో నదికి పోతుంది. మిగిలినది శుద్ధి కేంద్రంలో అడుగున చేరే బురదలో కలుస్తుంది. చక్కని ఎరువుగా పొలాలకు చేరవలసిన ఆ బురద విషపూరితమై ఎందుకూ పనికిరాకుండా పోతుంది. ఆసుపత్రుల విషయంలోనూ ఇటువంటి జాగ్రత్తే అవసరం. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం ఆసుపత్రులు, ప్రయోగశాలలు తమ రసాయన ద్రవవ్యర్థాలను ఇతర మురుగునీటిలో కలపడానికి ముందే తగిన విధంగా శుద్ధి చేయాలి.

చట్టాలు, ప్రమాణాలు

మన దేశంలో జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం 1974లో అమలులోకి వచ్చింది. విషపూరితమైన, కాలుష్యకారకమైన పదార్థాలను తెలిసి ప్రవాహాల్లోకి, బావుల్లోకి, మురుగు కాలువల్లోకి, భూమి మీదికి విడువరాదని ఈ చట్టంలోని 24వ సెక్షన్ శాసిస్తుంది. వ్యర్థజలాలను విడిచే పరిశ్రమ ముందుగా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పొందాలని 25వ సెక్షన్ చెబుతుంది.

1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం క్రింద రూపొందిన నియమాల ఆరవ షెడ్యూలులో ఏ పదార్థం ఎంతవరకు ఉండవచ్చునో అంకెలతో సహా నిర్ణయించారు. ప్రజా మురుగు కాలువలోకి విడిచే వ్యర్థజలాల పీహెచ్ విలువ 5.5కు తగ్గరాదు, 9కి మించరాదు. ప్రతి లీటరులోనూ తేలియాడే ఘనపదార్థాలు 600 మిల్లీగ్రాములకు, నూనె, జిడ్డు 20 మిల్లీగ్రాములకు, సైనైడు 2 మిల్లీగ్రాములకు, సీసం 1 మిల్లీగ్రాముకు, ఆర్సెనిక్ 0.2 మిల్లీగ్రాములకు, పాదరసం 0.01 మిల్లీగ్రాముకు మించరాదు. జీవరసాయనిక ప్రాణవాయు అవసరం, అనగా నీటిలోని సేంద్రియ మలినాన్ని సూక్ష్మజీవులు విచ్ఛిన్నం చేయడానికి కావలసిన ప్రాణవాయువు, లీటరుకు 350 మిల్లీగ్రాములకు లోబడి ఉండాలి.

ఇక్కడ ఒక విశేషం గమనించదగినది. అదే వ్యర్థజలాన్ని నేరుగా నదిలోకో చెరువులోకో విడిచినట్లయితే ప్రాణవాయు అవసరం 30 మిల్లీగ్రాములకు, ఘనపదార్థాలు 100 మిల్లీగ్రాములకు, నూనె 10 మిల్లీగ్రాములకు మించరాదు. కాలువకు ఇంత వెసులుబాటు ఎందుకు? కాలువ చివర శుద్ధి కేంద్రం ఉందన్న నమ్మకమే ఈ వెసులుబాటుకు ఆధారం. సేంద్రియ మలినాన్ని అక్కడి సూక్ష్మజీవులు తినివేయగలవు. పాదరసం, ఆర్సెనిక్‌ల విషయంలో మాత్రం కాలువకూ నదికీ పరిమితి ఒక్కటే. ఏలనగా సూక్ష్మజీవులు వాటిని నాశనం చేయలేవు. అంతేకాదు, జీవసంబంధమైన శుద్ధి ప్రక్రియ గల కేంద్రానికి చేరే కాలువలకే ఈ వెసులుబాటు వర్తిస్తుంది. శుద్ధి కేంద్రం లేని ఊరి కాలువలో మురుగును విడవడం నదిలో విడవడంతో సమానం.

వ్యర్థజలాల్లో మంచినీటిని కలిపి పలుచన చేస్తే అంకెలు పరిమితికి లోబడతాయి కదా అని కొందరు వాదించవచ్చు. అమెరికా దేశపు నియమాలు ఈ ఉపాయాన్ని స్పష్టంగా నిషేధిస్తాయి. పది లీటర్లలో ఉన్న విషాన్ని వంద లీటర్లలో కలిపినంత మాత్రాన విషం తగ్గదు. శుద్ధి కేంద్రానికి చేరే లోహం బరువు అంతే ఉంటుంది. పైగా తాగవలసిన నీరు వ్యర్థమవుతుంది, గొట్టంపై భారం పెరుగుతుంది. విషాన్ని పుట్టిన చోటనే తొలగించడం ఒక్కటే సరైన మార్గం.

మూసీ చెప్పే పాఠం

అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాదు గుండా ప్రవహించి, ఉమ్మడి నల్లగొండ జిల్లాలో సాగి, వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. నగరపు మురుగుకు చివరి గమ్యం ఈ నదే. నగరం దాటిన తరువాత మూసీ నీటితోనే రైతులు వరి పండిస్తారు. పశువులకు మేతగా గడ్డి పెంచి అమ్ముకొని జీవించే కుటుంబాలు కూడా ఉన్నాయి. ఆ గడ్డి మేసిన పశువుల పాలు మళ్లీ నగరానికే వస్తాయి. అందువల్ల నగరవాసి కాలువలో విడిచినది ఏదో ఒక రూపంలో అతని ఇంటికి తిరిగి రావడం అసంభవం కాదు.

పరిశ్రమల వ్యర్థజలాలకూ ఈ చరిత్రలో భాగం ఉంది. పటాన్‌చెరు ప్రాంతంలో పరిశ్రమలు విడిచిన రసాయనాల వల్ల నక్కవాగు, పరిసర గ్రామాల బావులు, పొలాలు చెడిపోగా, 1990లో ఆ విషయం సుప్రీంకోర్టుకు చేరింది. తరువాతి కాలంలో అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుండి వెలువడే నీటిని సుమారు 18 కిలోమీటర్ల గొట్టం ద్వారా హైదరాబాదు మురుగు కాలువకు కలిపి, అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి చేర్చే ఏర్పాటు జరిగింది. అంబర్‌పేట కేంద్రం రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగునీటిని శుద్ధి చేయగల పెద్ద కేంద్రం. అయినప్పటికీ గృహాల మురుగును తినడానికి అలవాటుపడిన సూక్ష్మజీవులు పారిశ్రామిక రసాయనాలను ఎంతవరకు భరించగలవన్న ప్రశ్న అప్పుడు తలెత్తింది. శుద్ధి కేంద్రం ఎంత పెద్దదైనా, దానిలోకి ఏది రాకూడదో నిర్ణయించి అమలు చేయకపోతే దాని పరిమాణం మాత్రమే నదిని కాపాడలేదు. కేంద్రాల సంఖ్యను పెంచడమూ, కట్టుబాట్లను పాటించడమూ జోడెడ్ల వలె కలిసి సాగాలి.

మ్యాన్‌హోల్‌లోకి దిగే మనిషి

ఇంతవరకు గొట్టాలను గురించి, సూక్ష్మజీవులను గురించి, నదిని గురించి చెప్పుకొన్నాం. వీటన్నిటికంటె ముందు చెప్పుకోవలసినవాడు మనిషి. మనం విడిచిన గుడ్డపీలిక, సిమెంటు ముద్ద, నూనె గడ్డ కాలువను మూసివేసినప్పుడు దానిని తీయడానికి ఒకరు రావాలి. పగిలిన గాజుపెంకు అతని చేతికే గుచ్చుకుంటుంది. ఆమ్లం అతని చర్మాన్నే కాలుస్తుంది. విషవాయువు అతని ప్రాణాన్నే తీస్తుంది. లోపల పడిపోయిన సహచరుణ్ణి రక్షించాలని వెంట దిగిన రెండవవాడు, మూడవవాడు కూడా మరణించిన సంఘటనలు మన దేశంలో ఎన్నో జరిగాయి. చేసినవాడు ఒకడు, అనుభవించేవాడు మరొకడు. కులవ్యవస్థ కారణంగా తరతరాలుగా కొన్ని వర్గాల వారి మీదనే ఈ భారం పడుతూ వచ్చిందన్న వాస్తవం ఈ అన్యాయాన్ని మరింత దారుణం చేస్తున్నది.

2013లో పార్లమెంటు చేసిన చట్టం మానవ మలాన్ని మనుషుల చేత ఎత్తించడాన్ని నిషేధించింది. రక్షణ పరికరాలు, భద్రతా చర్యలు లేకుండా మురుగు కాలువలను, సెప్టిక్ ట్యాంకులను శుభ్రం చేయించడం కూడా ఈ చట్టం ప్రకారం నేరం. మొదటిసారి ఈ నేరం చేసినవారికి రెండేళ్ల వరకు జైలుశిక్ష గాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన వ్యాజ్యంలో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, 1993 నుండి మురుగు కాలువల్లో మరణించిన ప్రతి కార్మికుని కుటుంబానికి పది లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. 2023 అక్టోబరు 20న ఇచ్చిన మరొక తీర్పులో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలకు పెంచింది. ఈ ఉద్యమానికి సారథ్యం వహించిన బెజవాడ విల్సన్‌కు 2016లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

పరిహారం ఎంత పెరిగినా పోయిన ప్రాణం రాదు. కాలువలను యంత్రాలతోనే శుభ్రం చేయించడం ప్రభుత్వాల బాధ్యత. కాలువ మూసుకుపోకుండా చూడడం మన బాధ్యత. నిషిద్ధ పదార్థాల పట్టికను చాలామంది గొట్టాలను కాపాడే సాంకేతిక నిబంధనగా భావిస్తారు. నిజానికి అందులోని ప్రతి పంక్తి ఒక కార్మికుని ప్రాణానికి రక్షణ.

మన కర్తవ్యం

ఈ నియమాలను పాటించడానికి గొప్ప త్యాగాలు అవసరం లేదు. మాడిన నూనెను సీసాలో పోసి ఉంచి, సేకరించేవారికి ఇవ్వవచ్చు. కొద్దిపాటి జిడ్డును కాగితంతో తుడిచి చెత్తబుట్టలో వేయవచ్చు. శానిటరీ ప్యాడ్లను, డయాపర్లను కాగితంలో చుట్టి వేరుగా పారిశుద్ధ్య సిబ్బందికి అందించాలి. వంటగది తూముకు జల్లెడ అమర్చుకోవాలి. గడువు తీరిన మందులను, మిగిలిపోయిన రంగులను, పురుగుమందులను మరుగుదొడ్డిలో పారబోయరాదు. వాహనాలను మరమ్మతు చేసే షెడ్లలో తీసివేసిన ఇంజను నూనెను కాలువలో ఒంపకుండా, దానిని తిరిగి శుద్ధి చేసే అనుమతి గలవారికే ఇవ్వాలి. మేడపై పడిన వాననీటిని మురుగు గొట్టానికి కలపక ఇంకుడుగుంతకు మళ్లించాలి. సెప్టిక్ ట్యాంకును ఖాళీ చేయించేటప్పుడు ఆ మలినాన్ని ఏ మ్యాన్‌హోల్‌లోనో, చెరువులోనో ఒంపక నిర్ణీత శుద్ధి కేంద్రానికి చేర్చుతున్నారా అని అడిగి తెలుసుకోవాలి.

కళాశాల విద్యార్థులకు మరొక సందర్భం కూడా ఉంది. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ప్రయోగం ముగిసిన తరువాత పరీక్షనాళికలోని ద్రవాన్ని తూములో పోయడం పరిపాటి. అందులో ఆమ్లం ఉందా, సీసపు లవణం ఉందా, సల్ఫైడు ఉందా అని ఆ క్షణంలో ఆలోచించాలి. ఆమ్లాన్ని క్షారంతో తటస్థీకరించడం, లోహ లవణాలను వేరొక పాత్రలో సేకరించడం అధ్యాపకుల సహాయంతో సులభంగా చేయదగిన పనులు. పాఠ్యపుస్తకంలో చదివిన రసాయనిక చర్యే కాలువలోనూ జరుగుతుంది. అక్కడ దానిని గమనించే అధ్యాపకుడు ఉండడు. ఆ చర్య ఫలితాన్ని పీల్చే కార్మికుడు ఉండవచ్చు.

నగరం శుభ్రంగా ఉందో లేదో చెప్పడానికి దాని వీధులను చూస్తే చాలదు; వీధుల క్రింద ఏమి ప్రవహిస్తోందో, అది చివరకు ఏ నదిలో కలుస్తోందో కూడా చూడాలి. తూములోకి ఏదైనా ఒంపే ముందు అది ఎక్కడికి పోతుంది, దారిలో ఎవరిని తాకుతుంది అని ప్రతి పౌరుడూ ప్రశ్నించుకున్నట్లయితే, చట్టంలోని అక్షరం ఆచరణలోకి వస్తుంది.